ఫోనెత్తిన దగ్గర్నుంచే ఇంటర్వ్యూ



హైదరాబాద్‌లో ఉద్యోగాలు చూసిపెట్టే ఏ కన్సల్టెన్సీ ఆఫీసులో చూసినా, రిక్రూటర్ ముందున్న కంప్యూటర్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరిచే ఉండేది ఒక ఎక్సెల్ షీటు. దాన్ని వాళ్ళు ట్రాకర్ అంటారు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో వరుస. పేరు, ఫోన్ నంబరు, మొత్తం అనుభవం, అందులో ఈ ఉద్యోగానికి పనికొచ్చే అనుభవం, ఇప్పటి జీతం, అడుగుతున్న జీతం, నోటీస్ పీరియడ్, ఉంటున్న ఊరు, మారడానికి కారణం. ఇలా గళ్ళు నింపుకుంటూ పోతే చిట్టచివర ఇంకో గడి మిగులుతుంది. కమ్యూనికేషన్. అందులో పడేది ఒకే ఒక్క మాట. గుడ్, యావరేజ్, పూర్, వీటిలో ఏదో ఒకటి.

ఆ మాట ఎప్పుడు పడుతుంది? అభ్యర్థి తన ఇంటర్వ్యూ ఇంకా మొదలే కాలేదనుకుంటున్నప్పుడు. కూకట్‌పల్లిలో కిక్కిరిసిన బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోనెత్తి, "ఆఁ, ఎవరూ?" అన్నప్పుడు. అవతలి అమ్మాయి "జాబ్ చేంజ్ కోసం చూస్తున్నారాండీ?" అని అడిగితే, "ఏ కంపెనీ? ప్యాకేజీ ఎంత?" అని ఎదురడిగినప్పుడు. పొద్దున్నుంచి డజన్లకొద్దీ ఫోన్లు చేసి గొంతెండిపోయిన ఆ అమ్మాయికి ఈయన మీద కోపమేమీ ఉండదు. ఆ గడిలో యావరేజ్ అని కొట్టి, కింది వరుసకు వెళ్ళిపోతుంది.

అదే బస్సులో, అదే కడ్డీ పట్టుకున్న ఇంకొకరు "బస్సులో ఉన్నానండి, సరిగ్గా వినపడటం లేదు. ఒంటి గంటకు నేనే చేస్తాను. ఈలోగా జేడీ మెయిల్ చేయగలరా?" అన్నారనుకుందాం. జేడీ అంటే ఆ ఉద్యోగంలో చేయాల్సిన పనులేమిటో, ఏమేం తెలిసి ఉండాలో కంపెనీ రాసిచ్చే కాగితం. ఒంటి గంటకు ఆయన దాన్ని చదివి, నీడపట్టున కూర్చుని మాట్లాడతారు. అడిగినవాటికి జవాబు చెప్పి ఊరుకోరు, తాను అడగాల్సినవీ అడుగుతారు. ఆ అడగాల్సినవేమిటో తెలియాలంటే, అవతల మాట్లాడుతున్న మనిషి ఎవరో, ఆ ఫోను ఎందుకు చేస్తున్నారో ముందు తెలియాలి.

పనికీ మనిషికీ మధ్య ఇంకో మనిషి నిలబడటం మన దగ్గర పాత సంగతే. ఒకప్పుడు ఆ చోట సర్కారు నిలబడింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఇంటిదారి పట్టిన సిపాయిలకు పనులు చూపించడానికి 1945లో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు పెట్టారు. 1948లో వాటిని అందరికీ తెరిచారు. 1959లో చట్టం వచ్చింది. ఖాళీలుంటే ఎక్స్ఛేంజీకి తప్పనిసరిగా తెలియజేయాలన్నది ఆ చట్టం. ఎక్స్ఛేంజీ పంపినవాళ్ళనే తీసుకోవాలని మాత్రం అందులో లేదు. కార్డు రెన్యువల్ కోసం జిల్లా కేంద్రానికి బస్సెక్కి వెళ్ళి, కాల్ లెటర్ కోసం పోస్ట్‌మ్యాన్ సైకిల్ గంట వింటూ కూర్చున్న తరానికి ఈ తిరకాసు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ తరవాత కథ వేగంగా నడిచింది. సంజీవ్ బిఖ్‌చందానీ అనే ఆయన హార్లిక్స్ తయారుచేసే కంపెనీలో పనిచేస్తున్నప్పుడు ఒక సంగతి గమనించారు. ఆఫీసుకు బిజినెస్ ఇండియా పత్రిక రాగానే తోటి ఉద్యోగులు దాన్ని వెనక పేజీనుంచి తిప్పేవారు. ఉద్యోగ ప్రకటనలు అక్కడుండేవి మరి. ఉన్న కొలువు బాగానే ఉన్నా అవతల ఏముందో తొంగిచూడకుండా ఎవరూ ఉండలేకపోయేవారు. ఆ గమనింపు 1997లో నౌక్రీ డాట్ కామ్ అనే ఉద్యోగాల వెబ్‌సైట్ అయింది. మరుసటేడు, 1998 నవంబరులో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయీ ప్రారంభించారు. 2000 సంవత్సరం దగ్గరపడుతుంటే పాత కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయన్న భయం అమెరికాకు పట్టుకుంది. మెయిన్‌ఫ్రేమ్ తెలిసినవాళ్ళకు గిరాకీ పెరిగింది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోర్సు నేర్పేవారొకరు, రెజ్యూమె రాసిపెట్టేవారొకరు, ఇంటర్వ్యూకు పంపేవారొకరు, అందరూ కూతవేటు దూరంలోనే వెలిశారు. ఆ మూడో మనిషే ఇవాళ్టి రిక్రూటర్‌కు పెద్దన్న.

తెలుగువాళ్ళకు రిక్రూటర్ అంటే ఎవరో చెప్పడానికి పెళ్ళిళ్ళ పేరయ్యను మించిన పోలిక దొరకదు. ఇద్దరి చేతుల్లోనూ జాబితాలుంటాయి. ఇద్దరూ ఇటు ఈడూ జోడూ చూస్తారు, అటు ఇచ్చిపుచ్చుకోవడాలు కదుపుతారు. అబ్బాయి కోపిష్టి అయితే "కాస్త ముక్కుసూటి మనిషండీ" అని పేరయ్య సర్దుతాడు. రెండేళ్ళలో మూడు ఉద్యోగాలు మారినవాణ్ణి "చాలా ఎక్స్‌పోజర్ ఉన్న కాండిడేట్ సర్" అని రిక్రూటర్ సర్దుతారు. అయితే ఒక తేడా ఉంది. తాళి కట్టడంతో పేరయ్య బాధ్యత తీరిపోతుంది. రిక్రూటర్‌కు అసలు గండం అక్కడే మొదలు.

డబ్బు లెక్క చూస్తే సంగతి బోధపడుతుంది. మన దేశంలో కన్సల్టెన్సీకి కంపెనీ ఇచ్చే ఫీజు మామూలుగా ఏడాది జీతంలో 8.33 శాతం. ఈ వింత అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, పన్నెండింట ఒక వంతు, అంటే ఒక నెల జీతం. ఏడాదికి 12 లక్షల ప్యాకేజీ మీద ఒకరు చేరితే కన్సల్టెన్సీకి దాదాపు లక్ష రూపాయలు. పెద్ద పదవులకు 20, 25 శాతం దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా ఉంటుంది. మామూలుగా మనిషి చేరేదాకా అందులో పైసా రాదు. చేరాక కూడా, చాలా ఒప్పందాల్లో 90 రోజుల షరతు ఒకటుంటుంది. ఆలోగా అతను మానేస్తే ఉచితంగా ఇంకొకరిని చూపించాలి, లేదా ఫీజు వెనక్కివ్వాలి. పెళ్ళైన మూడు నెలల్లో జంట విడిపోతే సంభావన తిరిగివ్వాల్సిన పేరయ్య ఎలా ఉంటాడో ఊహించుకోవచ్చు.

కాబట్టి ఇంటర్వ్యూలో అభ్యర్థి నెగ్గాలని, అతని ఇంట్లోవాళ్ళ తరవాత అంత గట్టిగా కోరుకునేది రిక్రూటరే. మన కుర్రాళ్ళు ఇది మరిచిపోయి, ఆమెను కంపెనీ ద్వారపాలకురాలనుకుని భయపడతారు. కొందరు ఉద్యోగమిప్పించే దేవతనుకుని "మేడమ్, ఎలాగైనా చూడండి మేడమ్" అని రోజుకు మూడు మెసేజీలు పెడతారు. ఆమె చేతిలో ఉద్యోగం లేదు, సమాచారం ఉంది. ఎవరూ అడగకపోవడం వల్ల అది ఆమె దగ్గరే ఉండిపోతుంది. కంపెనీల్లోనే జీతానికి పనిచేసే రిక్రూటర్లకు ఈ ఫీజు గొడవ లేదు. కానీ నెలకిన్ని ఖాళీలు నింపాలన్న లెక్క వాళ్ళ నెత్తినా ఉంటుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. డబ్బిచ్చేది కంపెనీ. జీతం బేరంలో కంపెనీకీ అభ్యర్థికీ పొసగనప్పుడు మధ్యమనిషి మొగ్గు ఎటుంటుందో చెప్పనక్కర్లేదు.

మరి అభ్యర్థినే డబ్బడిగితే? అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒడంబడిక, ఏడో అధికరణంలో, ప్రైవేటు ఏజెన్సీలు పనివాళ్ళ దగ్గర నేరుగాగానీ మరో రూపంలోగానీ రుసుము తీసుకోరాదని చెబుతుంది. హైదరాబాద్‌లో మాత్రం బ్యాక్‌డోర్ అనే మాట ఇంకా బతికే ఉంది. శిక్షణకింత, ఆఫర్ లెటర్‌కింత అని లక్షలు వసూలుచేసి, ఒకనాటి రాత్రి బోర్డు తిప్పేసిన సంస్థల ముందు కుర్రాళ్ళు గుమిగూడిన ఫొటోలు పేపర్లలో ఎన్నిసార్లు రాలేదు! జీతం వచ్చాక ఇవ్వండి అన్నా, డిపాజిట్ అన్నా, లాప్‌టాప్ ఖర్చన్నా పేర్లే మారతాయి.

గల్ఫ్ దారి తీరు వేరు. విదేశాలకు పంపే ఏజెంటుకు 1983 వలస చట్టం కింద లైసెన్సుండాలి. తీసుకోదగ్గ సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతే. రసీదివ్వాలి. జగిత్యాలలోనో కడపలోనో ఊరూరా తిరిగే సబ్-ఏజెంటుకు సాధారణంగా ఆ లైసెన్సుండదు. అక్కడ ఇంటర్వ్యూ అంటే ట్రేడ్ టెస్టు. వెల్డర్ అతుకు వేసి చూపాలి, తాపీమేస్త్రి గోడ లేపి చూపాలి. ఆ పరీక్షకు ముందే ఏజెంటు లైసెన్సు నంబరడిగి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవడం రెండు నిమిషాల పని. యజమాని పేరు, జీతం, పని గంటలు కాగితం మీద అడగడం ఇంకో రెండు నిమిషాలు.

మళ్ళీ మాదాపూర్‌కు వద్దాం.

రెజ్యూమె మీద రిక్రూటర్ ఎంతసేపు చూపు నిలుపుతారు? ద లాడర్స్ అనే అమెరికన్ ఉద్యోగాల సంస్థ 2012లో 30 మంది రిక్రూటర్ల కంటిచూపును యంత్రంతో పట్టి చూసింది. మొదటి చూపుకు సగటున ఆరు సెకన్లు. 2018లో మళ్ళీ చూస్తే 7.4 సెకన్లు. ఆరేళ్ళలో సెకనున్నర మెరుగు! ఆ కాస్తలో కన్ను వెళ్ళేది పేరు, ఇప్పటి ఉద్యోగం, అంతకుముందు ఉద్యోగం, తేదీలు, చదువు. నాలుగు పేజీల రెజ్యూమెలో మూడో పేజీ అడుగున ఉన్న గొప్ప ప్రాజెక్టు అక్కడే నిద్రపోతుంది.

ఇంకో చిక్కుంది. ఫోన్ చేసే రిక్రూటర్ చాలాసార్లు సాంకేతిక మనిషి కాదు. జావాకూ జావాస్క్రిప్టుకూ పేరులో తప్ప చుట్టరికం లేదని ఆమెకు తెలియకపోవచ్చు. దీన్ని చూసి నవ్వుకునే ఇంజనీర్లు బోలెడుమంది. ఆ నవ్వు ఫోనులో అవతలికి వినిపిస్తుందని మాత్రం వాళ్ళకు తోచదు. తెలివైనవాడు ఆమెకు పని తేలికచేస్తాడు. తన గురించి కంపెనీ మేనేజర్‌కు ఆమె చెప్పగలిగేది రెండు వాక్యాలకు మించదని తెలుసు కనుక, ఆ రెండూ తానే కూర్చి ఇస్తాడు. "బ్యాంకుల పేమెంట్ సిస్టమ్స్ మీద ఆరేళ్ళు పనిచేశాను. కిందటేడు ఒక బ్యాంకు పాత సర్వర్లను క్లౌడ్‌కు మార్చిన జట్టులో డేటాబేస్ వంతు నాది." ఇది ఎవరికైనా అర్థమవుతుంది, ఎవరైనా తిరిగి చెప్పగలరు. పదిహేను టూళ్ళ పేర్లు గుక్కతిప్పుకోకుండా చదివితే ఆమెకు మిగిలేది పదిహేను స్పెల్లింగు తప్పులు.

ఇక అడగాల్సినవి. ఇంటర్వ్యూ ఖరారైందని ఫోనొచ్చినప్పుడు నూటికి తొంభై మంది "థాంక్యూ మేడమ్, లింకు పంపండి" అని పెట్టేస్తారు. అక్కడ ఆగకుండా మాట ఇలా సాగిందనుకుందాం.

"ఈ పోస్టు ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందండీ?"

"రెండు నెలలు దాటింది సర్."

"కొత్తగా పెట్టిన పోస్టా, ఎవరైనా మానేస్తే వచ్చిందా?"

"రీప్లేస్‌మెంట్ సర్. ఉన్నతను ఆన్‌సైట్ వెళ్ళిపోయారు."

"ఇప్పటిదాకా మీరు పంపినవాళ్ళు ఎక్కడ ఆగిపోయారండీ?"

"అదే సర్, సెకండ్ రౌండ్‌లో. ఫస్ట్ రౌండ్ కోడింగ్ అందరూ దాటేస్తున్నారు. రెండో రౌండ్‌లో మేనేజర్ ఉంటారు. ప్రాజెక్టులో మీరు సొంతంగా ఏం చేశారంటే చెప్పలేకపోతున్నారని ఫీడ్‌బ్యాక్."

ఈ ఆఖరి జవాబు ఇంటర్నెట్‌లో దొరికే వంద ప్రశ్నల చిట్టా కంటే విలువైంది. రిక్రూటర్ దాన్ని దాచుకోలేదు, అడిగేవాళ్ళే లేకపోయారు. పైగా చెబితే ఆమెకే లాభం. ఇప్పటికే పంపినవాళ్ళంతా ఒకే గుంటలో పడుతుంటే, ఆ గుంట ఎక్కడుందో తరవాతి వాడికి చూపించకపోతే ఆమె రెండు నెలల శ్రమ వృథా.

ఆ గుంట సంగతి కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే అది తెలుగువాళ్ళకు అలవాటైన గుంట. చేసిన పని గురించి చెప్పమంటే మనవాళ్ళ నోట "మేము" అని వస్తుంది. "మేము మైగ్రేషన్ చేశాం, మా టీమ్ డెలివర్ చేసింది." ఇంట్లో, బళ్ళో "నేను, నేను" అనకూడదని పెంచిన పెంపకం అది, మంచిదే. ఇంటర్వ్యూ చేసే మేనేజర్‌కు మాత్రం ఆ "మేము"లో ఎదుటి మనిషి ఎక్కడున్నాడో కనపడదు. పదిమంది జట్టులో ఇతను కోడు రాశాడా, పరీక్షించాడా, మీటింగుల్లో కూర్చున్నాడా? రిక్రూటర్ ఆ ఒక్క ముక్క చెప్పాక అభ్యర్థి చేయాల్సిన తయారీ మారిపోతుంది. కొత్త పుస్తకం తెరవక్కర్లేదు. తన పాత ప్రాజెక్టులు మూడు తీసుకుని, ఒక్కోదానిలో అప్పటి ఇబ్బంది ఏమిటి, తనమీద పడ్డ పనేమిటి, తాను ఏం చేశాడు, చివరికి ఏమైంది అని నాలుగు ముక్కలుగా పలికి చూసుకోవాలి. గట్టిగా, నోటితో. మనసులో అనుకున్నప్పుడు నున్నగా జారిపోయే వాక్యం నోట్లోకి వచ్చేసరికి తడబడటం అందరికీ అనుభవమే.

అడగదగ్గవి ఇంకా ఉన్నాయి. ఎన్ని రౌండ్లు, ఒక్కోదానిలో ఎవరు కూర్చుంటారు, వాళ్ళ హోదా ఏమిటి, కోడింగ్ ఏ వేదిక మీద రాయిస్తారు, కెమెరా ఎదుట స్క్రీన్ షేర్ చేయాలా, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలి, షిఫ్టు ఏ దేశపు గడియారాన్ని బట్టి. ప్యానెల్లో ఉన్నవాళ్ళ పేర్లు చెబితే లింక్డిన్‌లో చూసుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు. వాళ్ళూ ఇతన్ని అక్కడే చూసుంటారు. ప్రశ్నలే లీక్ చేయమని అడగడం వేరు, పరీక్ష తీరు అడగడం వేరు. మొదటిది అడిగితే ట్రాకర్‌లో ఇంకో గడి మొదలవుతుంది.

పరీక్ష తీరు తెలియడం ఎంత ఉపయోగమంటే, ఇంటర్వ్యూలలో రెండు జాతులున్నాయి. నోటికొచ్చింది అడుగుతూ పోయేవి కొన్ని. అందరికీ అవే ప్రశ్నలు, అదే మార్కుల కొలత పెట్టుకుని నడిచేవి కొన్ని. ష్మిట్, హంటర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 85 ఏళ్ళ పరిశోధనలను కలిపి 1998లో ఒక లెక్క తేల్చారు. మనిషి రేపు ఎలా పనిచేస్తాడో పూర్తి కచ్చితంగా పసిగట్టడం 1 అనుకుంటే, రెండో రకానికి 0.51, మొదటి రకానికి 0.38. పెద్ద కంపెనీలు చాలావరకు ఈ కొలత ఇంటర్వ్యూలకే మళ్ళాయి. అక్కడ ఇదివరకు నలుగురిని పంపిన రిక్రూటర్‌కు ఐదోవాడి ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో ఇంచుమించు తెలుసు.

జీతం గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ స్నేహం కొంచెం ఇరుకున పడుతుంది. ఫోనులో మూడో నిమిషంలోనే "కరెంట్ సీటీసీ ఎంతండీ? ఎక్స్‌పెక్టెడ్?" అని వస్తుంది. చాలామంది ఒక అంకె విసిరేస్తారు, ఆ తరవాత మూడు రౌండ్లు దాటాక అదే అంకెకు కట్టేసినట్టవుతారు. అసలు సీటీసీ, అంటే ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, ఆ అంకె లోపల ఏముందో విప్పి చూడాలి. ఏడాదికి 12 లక్షలంటే నెలకు లక్ష అని ఇంట్లో చెప్పేస్తారు. అందులో సగం, 6 లక్షలు, బేసిక్ అనుకుందాం. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ 12 శాతం చొప్పున 72 వేలు ఈ 12 లక్షల్లోదే. గ్రాట్యుటీ 4.81 శాతం, దాదాపు 29 వేలు, అదీ ఇందులోదే. పదిశాతం వేరియబుల్ అన్నారంటే లక్షా ఇరవై వేలు, ఏడాది చివర ఇస్తే వస్తుంది, లేకపోతే లేదు. మిగిలినదాన్ని పన్నెండు భాగాలు చేసి, ఉద్యోగి వంతు పీఎఫ్, వృత్తిపన్ను తీసేస్తే నెలకు చేతికొచ్చేది సుమారు 75 వేలు. ఆదాయపు పన్ను లెక్క వేరు. కనుక రిక్రూటర్ అడిగినప్పుడు "ఫిక్స్‌డ్ ఇంత, వేరియబుల్ ఇంత" అని విడదీసి చెప్పి, "ఈ పోస్టుకు బడ్జెట్ ఎంతనుకుంటున్నారండీ?" అని అడగడం సబబు. కొందరు చెబుతారు, కొందరు దాటేస్తారు. అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఇక్కడ ఒక వెసులుబాటుంది. పాత జీతం ఎంతో అడగడమే కొన్నిచోట్ల చట్టవిరుద్ధం. న్యూయార్క్ నగరంలో 2017 అక్టోబరు చివరినుంచి, కాలిఫోర్నియాలో 2018 జనవరి నుంచి, మసాచుసెట్స్‌లో అదే ఏడు జులై నుంచి ఆ ప్రశ్న నిషిద్ధం. తక్కువ జీతంతో మొదలైనవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, జన్మంతా ఆ తక్కువనే మోసుకుతిరగడం ఆపాలని ఆ చట్టాలు చేశారు. మన దగ్గరేమో మూడు నెలల పే స్లిప్పులు పంపమంటారు, అందరూ పంపుతారు.

అమెరికా పేరెత్తాక రాత్రిపూట హైదరాబాద్ సంగతి చెప్పుకోకుండా ఉండలేం. ఊరంతా పడుకున్నాక కూకట్‌పల్లిలో, మాదాపూర్‌లో కొన్ని ఆఫీసుల్లో దీపాలు వెలుగుతుంటాయి. వాళ్ళు బెంచ్ సేల్స్ రిక్రూటర్లు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీదున్న కన్సల్టెంటుకు పని చూసిపెట్టడం వాళ్ళ ఉద్యోగం. చివర పనిచేయించుకునే కంపెనీ ఒకటి, దానికి ప్రైమ్ వెండర్, ఆ కింద ఇంకో వెండర్, ఆ కింద ఉద్యోగి అసలు యజమాని. ఇన్ని మెట్ల మీదుగా ఒక రెజ్యూమె పైకెక్కాలి. హెచ్-1బీ మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే 2017 నాటి నిబంధన ప్రకారం 60 రోజుల వరకే గడువు. ఆలోగా కొత్త యజమాని దొరకాలి, లేదంటే వీసా హోదా మార్చుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. అలాంటివాడు ఆత్రంకొద్దీ వచ్చిన ప్రతి ఫోనుకూ "పంపించండి, పంపించండి" అంటాడు. ఒకే ఉద్యోగానికి ముగ్గురు వెండర్ల ద్వారా ఒకే రెజ్యూమె వెళ్ళి కూర్చుంటుంది. డబుల్ సబ్‌మిషన్ అంటారు దీన్ని. ఫీజు ఎవరికివ్వాలన్న తగవు నెత్తికెత్తుకోవడమెందుకని క్లయింటు ఆ రెజ్యూమెనే పక్కన పడేస్తుంది.

అందుకే అక్కడ ఆర్‌టీఆర్ అనే మెయిలు పుట్టింది. ఫలానా కంపెనీలో ఫలానా ఉద్యోగానికి, గంటకింత రేటుకు, నా తరఫున మీరే పంపవచ్చునని అభ్యర్థి రాసివ్వడం. కంపెనీ పేరు, పోస్టు, రేటు లేని మెయిలుకు ఒప్పుకుంటే ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టినట్టే. మాదాపూర్‌లో ఇంత కాగితం లేదుగానీ జబ్బు అదే. రెండు కన్సల్టెన్సీలు ఒకే కంపెనీకి ఒకే మనిషిని పంపాయంటే ముందు తలొంచుకోవాల్సింది అభ్యర్థే. ఏ తేదీన, ఎవరి ద్వారా, ఏ కంపెనీకి వెళ్ళిందో చిన్న నోటుబుక్కులో రాసుకునేవాళ్ళకు ఈ బాధ లేదు. రిక్రూటర్‌కు ట్రాకర్ ఉన్నప్పుడు అభ్యర్థికి ఎందుకుండకూడదు?

అబద్ధాల సంగతి క్లుప్తంగా. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్న సామెత ఈ వ్యాపారంలో చెల్లకుండా పోయింది. 2014లో పీఎఫ్‌కు యూఏఎన్ నంబరు వచ్చాక, ఎవరు ఎక్కడ ఏ నెలనుంచి ఏ నెలదాకా పనిచేశారో ఒకే చోట కనపడుతుంది. లేని కంపెనీల పేరుతో అనుభవ పత్రాలు పెట్టి భారత్‌లో తమ దగ్గర చేరినవాళ్ళను గుర్తించి తొలగించామని 2022 నవంబరులో యాక్సెంచర్ ప్రకటించింది. అమీర్‌పేట భాషలో "ఫేక్ పెట్టడం" అనే ఆ పనికి సలహా ఇచ్చే రిక్రూటర్లూ ఉన్నారు. 90 రోజులు గడిస్తే వాళ్ళ ఫీజు వాళ్ళకు దక్కుతుంది. పట్టుబడిన పేరు మాత్రం అభ్యర్థిది. నాన్నకు ఆపరేషన్ వల్ల ఎనిమిది నెలలు ఖాళీ వచ్చిందనుకుందాం. ఆ ముక్క మొదటి ఫోనులోనే చెబితే రిక్రూటర్ దాన్ని మేనేజర్‌కు ముందే మెత్తగా చేరవేస్తారు. ఇంటర్వ్యూ గదిలో బయటపడితే అది సంజాయిషీ అవుతుంది.

ఇంటర్వ్యూ అయిపోయాక ఎక్కువమంది చేసే పని ఎదురుచూడటం. అయిన పావుగంటలో రిక్రూటర్‌కు ఫోన్ చేసి, ఏమడిగారు, ఎక్కడ బాగా చెప్పాను, ఎక్కడ తడబడ్డాను అని నాలుగు మాటలు చెప్పేవాళ్ళు తక్కువ. మేనేజర్ అభిప్రాయం అడిగేటప్పుడు ఆమెకు ఆ మాటలు పనికొస్తాయి. "నెట్‌వర్కింగ్ ప్రశ్నలో తడబడ్డానని తనే చెప్పారు సర్, మిగతాది బాగా వచ్చిందన్నారు" అని అటు చెప్పగలిగితే ఆ తడబాటు బరువు సగం తగ్గుతుంది. తరవాతి అభ్యర్థికి కూడా ఆ సమాచారం పనికొస్తుందన్నది నిజమే. ముందు వెళ్ళినవాళ్ళ అనుభవం తనకు పనికొచ్చింది కదా.

ఆఫర్ వచ్చాక ఇంకో నాటకం నడుస్తుంది. మన ఐటీ కంపెనీల్లో చాలాచోట్ల నోటీస్ పీరియడ్ 90 రోజులు. ఆ మూడు నెలల్లో ఒక ఆఫరు చూపించి ఇంకోటి, అది చూపించి మరొకటి తెచ్చుకోవడం అలవాటైపోయింది. రిక్రూటర్లు వారంవారం ఫోన్ చేసి "రెజిగ్నేషన్ యాక్సెప్ట్ అయిందాండీ? జాయినింగ్ డేట్ మారలేదు కదా?" అని అడగడం అందుకే. ఇది వేధింపులా కనిపిస్తుందిగానీ, అవతల వాళ్ళ నెల జీతం ఆ జవాబుమీద వేలాడుతోంది. చేతిలో ఇంకో ఆఫరుంటే ఉందని చెప్పేవాళ్ళను వాళ్ళు గౌరవిస్తారు. చేరాల్సిన సోమవారం ఫోన్ స్విచాఫ్ చేసేవాళ్ళను మరిచిపోరు.

మార్క్ గ్రనోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒకప్పుడు అమెరికాలో బోస్టన్ పక్కనున్న న్యూటన్ అనే ఊళ్ళో, ఉద్యోగం మారినవాళ్ళను "మీకు కబురు చెప్పిన మనిషిని ఎంత తరచుగా కలుస్తుండేవారు?" అని అడిగారు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో 16.7 శాతం మాత్రమే తరచుగా కలిసేవాళ్ళమన్నారు. 55.6 శాతం అప్పుడప్పుడూ అన్నారు. 27.8 శాతం ఎప్పుడో ఒకసారి అన్నారు. దగ్గరివాళ్ళకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. దూరపు పరిచయస్తుల దగ్గరే కొత్త కబురు దొరుకుతుంది. రిక్రూటర్ కంటే దూరపు పరిచయం ఇంకేముంటుంది? పైగా వాళ్ళూ ఉద్యోగాలు మారతారు. అమీర్‌పేట కన్సల్టెన్సీలో ఉన్న అమ్మాయి మూడేళ్ళకు గచ్చిబౌలిలో ఏదో విదేశీ బ్యాంకు హెచ్‌ఆర్‌లో తేలుతుంది. ఆమె వెంట ఫోనులోని నంబర్లూ వెళతాయి.

అలాంటి ఒక రిక్రూటర్ ట్రాకర్‌లో పసుపు రంగు పూసిన వరుసలుంటాయి. హోల్డ్ అని వాటి గుర్తు. రెండో రౌండ్‌లో పోయినా మళ్ళీ పంపదగ్గ మనుషులు. ఆర్నెల్లకు ఇంకో కంపెనీనుంచి అలాంటిదే ఒక పోస్టు వచ్చి పడుతుంది. ఆమె కొత్త రెజ్యూమెల జోలికి పోకుండా ముందు ఆ పసుపు వరుసల్లోనే వెతికి, ఒక నంబరు కొడుతుంది. అవతల ఆ కుర్రాడు తన ఫోనులో ఆ నంబరును ఏ పేరుతో దాచుకున్నాడో మరి, ఫోను ఇంకా మోగుతోంది.